ఆటోనగర్ లేత్ షాపు: మూడు విరిగిన స్టడ్లు, 1,800 రూపాయలు

ముందే చెప్పేస్తున్నాను, ఈ షాపుకి బోర్డు లేదు. విజయవాడ ఆటోనగర్‌లో లేత్‌లు వరసగా ఉండే వీధిలో, ఒక రేకుల షెడ్డు ముందు పాత క్రాంక్‌షాఫ్ట్‌ని (ఇంజన్ లోపల తిరిగే వంకీల ఇరుసు) నేలలో పాతి దానికి మేకను కట్టేసి ఉంటారు. అదే గుర్తు. మేక ఒక్కోసారి ఉండదు, క్రాంక్ మాత్రం ఉంటుంది.

నా బండి 1974 మహీంద్రా పెట్రోల్ జీపు, మా నాన్న వేలంలో కొన్నది. దీని హరికేన్ ఇంజన్‌లో ఒక వింత ఉంది. ఇన్‌లెట్ వాల్వులు హెడ్డులో (ఇంజన్ పై మూత), ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉంటాయి. అందుకని ఎగ్జాస్ట్ మానిఫోల్డు, అంటే పొగని బయటికి పంపే గొట్టాల గుత్తి, హెడ్డుకి కాకుండా స్టడ్లతో (తలలేని బోల్టులు) నేరుగా బ్లాకుకే బిగుస్తుంది. కాగడం, చల్లారడం, మళ్లీ కాగడం. యాభై ఏళ్లు అలా గడిచాక స్టడ్డు ఎక్కడ ఆగిందో, బ్లాకు బీడు ఎక్కడ మొదలైందో తెలియకుండా తుప్పు రెండిటినీ కలిపేసింది. రీబోరింగ్‌కని (అరిగిన సిలిండర్లని మళ్లీ తొలిపించడానికి) ఇంజన్ దించి మానిఫోల్డు విప్పుతుంటే మూడు స్టడ్లు విరిగాయి. రెండు కాస్త బయటికి మిగిలాయి. మూడోది, అన్నిటికంటే చివర ఉన్నది, బ్లాకుతో సమానంగా తెగింది. వేడికి మానిఫోల్డు పొడవుగా సాగుతుంది, ఆ లాగుడు ఎక్కువగా చివరి స్టడ్ల మీదే పడుతుంది. అందుకే అవి ముందు పోతాయి.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. అదే నా కొంప ముంచింది. వ్యాకోచం, సంకోచం, టార్క్ అన్నీ తెలుసు కదా అని ఆన్‌లైన్‌లో 349 రూపాయలకి ఐదు ముక్కల ఈజీ అవుట్ సెట్టు (విరిగిన స్టడ్డుకి బెజ్జం వేసి, లోపలి నుంచి పట్టి తిప్పి తీసే పనిముట్టు) తెప్పించాను. మూడు రోజులు నూనె పోసి నానబెట్టాను (ఇల్లంతా గ్యారేజీ వాసన అని మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది). బ్లాకుతో సమానంగా తెగినదానికి సెంటర్ పంచ్ కొట్టి (డ్రిల్ జారకుండా గుంట పెట్టి), నడిమధ్య ఐదు మిల్లీమీటర్ల బెజ్జం వేసి, ఈజీ అవుట్ దింపి ఎడమ వైపుకి తిప్పాను. టప్‌మని విరిగింది. స్టడ్డు కాదు, ఈజీ అవుటే. దాని మొన లోపలే ఉండిపోయింది. గట్టిపరిచిన ఉక్కు కదా, నా దగ్గరున్న డ్రిల్ బిట్లు దాని మీద జారాయే తప్ప గీత కూడా పెట్టలేదు.

తర్వాత ఆలోచిస్తే తట్టింది. త్రీ బై ఎయిట్ అంగుళం స్టడ్డే తట్టుకోలేని బలాన్ని దానిలో సుమారు సగం లావే ఉన్న ముక్క ఎలా తట్టుకుంటుంది? పైగా అది మేకులా లోపలికి దిగుతూ స్టడ్డు గోడల్ని బయటికి నెట్టి ఇంకా బిగిస్తుంది. పేరులోనే ఉంది ఈజీ అంతా.

గుడివాడ నుంచి బ్లాకుని ఏస్ బండిలో వేసుకుని వెళ్లాను. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. బ్లాకు చూడగానే, "దీన్ని ఎవరు పొడిచారు మాస్టారూ?" అన్నాడు. ఒప్పుకున్నాను.

"విరిగింది విరిగినట్టు తెస్తే మూడొందలు. మీరు వైద్యం చేసి తెచ్చారు, ఇది పన్నెండొందలు."

మిగిలిన రెండూ తీయడం మాత్రం కళ్లారా చూడాల్సిందే. స్టడ్డు మొండెం మీద ఒక నట్టు పెట్టి, దాని బెజ్జంలోంచి పది గేజి రాడ్డుతో వెల్డింగ్ నింపాడు. ఎర్రగా కాగిన స్టడ్డు లావెక్కి చుట్టూ ఉన్న తుప్పుని నలిపేస్తుంది, చల్లారేటప్పుడు సన్నబడి దాన్నుంచి విడిపోతుంది. ఎరుపు పోయి నల్లబడ్డాక కొవ్వొత్తి తీసి స్టడ్డు మొదట్లో రాశాడు. కరిగిన మైనం సన్న సందులోకి దానంతటదే పాకింది. అప్పుడు స్పానర్ వేసి, విప్పడం కాదు, ముందు కొంచెం బిగించాడు! నాకు గుండె ఆగినంత పనైంది. అటు కాస్త, ఇటు కాస్త. కీచుమని ఒక చప్పుడు, ఆ తర్వాత మామూలు బోల్టులా తిరిగొచ్చేసింది. మొదటి నట్టు ఊడిపోతే రెండోది వేశాడు, మొహంలో విసుగు లేదు.

నేను పాడుచేసిన దాన్ని పక్క షెడ్డులోని స్పార్క్ మిషన్‌కి పంపాడు. సన్నటి రాగి గొట్టాన్ని లోహానికి తాకీతాకకుండా పెడితే నిప్పురవ్వలు పుట్టి, ఎంత గట్టి ఉక్కునైనా రవ్వంత రవ్వంత కరిగించేస్తాయి. గొట్టంలోంచి నీళ్లు పారుతూ ఆ పొడిని కడిగేస్తాయి. గంటకు పైనే పట్టింది. ఈజీ అవుట్ పోయాక మిగిలిన స్టడ్డు పెంకుని మేస్త్రి సూదిమొన ఉలితో స్ప్రింగులా చుట్టలుగా పీకి, అంగుళానికి 16 మరల ట్యాపు (మర కోసే పనిముట్టు) దించి శుభ్రం చేశాడు. పాత మర అలాగే నిలిచింది, కాయిల్ ఇన్సర్టు (పాడైన మరకి బదులు వేసే తీగ చుట్ట) అవసరం కూడా రాలేదు.

ఇక లోపాలు. పదకొండింటికి మొదలుపెడతానన్నాడు, ఒంటిగంటన్నర అయింది. ఫోన్ ఎత్తడు. బిల్లు అడిగితే సిగరెట్ పెట్టె అట్ట మీద అంకెలు వేసి ఇచ్చాడు. కూర్చోవడానికి ఒక బోర్లించిన డబ్బా ఉంది, దాని మీద మేక కూడా ఆశపడుతుంది. అన్నిటికంటే నాకు నచ్చనిది, పక్కన సాయం చేసే మనిషి కళ్లద్దాలు లేకుండానే వెల్డింగ్ దగ్గర నిలబడతాడు. చెప్పాను, నవ్వి ఊరుకున్నారు. ఒక నక్షత్రం దీనికే తీసేస్తున్నాను. ఆలస్యానికి తీయను.

కొత్త స్టడ్లు ఆయన అమ్మడు, స్పేర్ల షాపులో కొనుక్కోమంటాడు. బ్లాకులోకి వెళ్లే వైపు ముతక మర, నట్టు వైపు సన్న మర ఉన్నవి అడగాలి. నట్లు మాత్రం ఇత్తడివే వేయమని రెండుసార్లు చెప్పాడు, ఇత్తడి నట్టు తుప్పుతో స్టడ్డుకి అతుక్కోదని.

వెళ్లేవాళ్లు బ్లాకుని డీజిల్‌తో కడిగి తీసుకెళ్లండి, మడ్డితో వెళ్తే తిడతాడు. ఆదివారం సెలవు. విరిగిన ముక్క ఎలా ఉందో అలాగే ఉంచండి, మూడొందలతో పోతుంది.