పందికొక్కుల మీద ఏడేళ్లు వాడినవన్నీ: ఏది పనిచేసింది, ఏది చేయలేదు

2018 శ్రావణ మాసంలో ఒక శుక్రవారం ఉదయం మా అత్తగారు పెరట్లోంచి పిలిచారు. "అమ్మాయ్, తులసమ్మకి ఎన్ని నీళ్లు పోసినా మట్టి తడవడం లేదు, ఎటో పోతున్నాయి" అన్నారు. వెళ్లి చూస్తే కోట ఒక పక్కకి ఒరిగి ఉంది. దాని వెనక అరచేయి పట్టేంత కన్నం, కన్నం ముందు అప్పుడే తోడిపోసినట్టున్న మట్టికుప్ప. వసారా గచ్చు మీద కాలితో తట్టితే రెండు బండల దగ్గర డొల్ల చప్పుడు వచ్చింది. ఇంటి కిందే తవ్వుతున్నాయని అప్పుడు అర్థమైంది.

మాది పశ్చిమ గోదావరిలో కాలువ పక్క ఊరు. వెనక ప్రహరీ దాటితే వరి చేలే. సార్వా (వానాకాలం పంట) కోతలు అయ్యాక ఒకసారి, దాళ్వా (రెండో పంట) కోతలు అయ్యాక మరోసారి చేలల్లోని ఎలుకలూ పందికొక్కులూ ఇళ్ల మీద పడతాయి. పెద్ద పందికొక్కు కిలో దాటి కూడా తూగుతుంది. ఇంగ్లీషు వాళ్లు ఈ జంతువుకి పెట్టుకున్న పేరు కూడా మన ‘పందికొక్కు’ నుంచి వెళ్లిందే. అంత బలమైన జంతువుకీ, వంటింట్లో తిరిగే చిట్టెలుకకీ ఒకే మందు, ఒకే బోను అని అంగట్లో చెప్పేవాళ్లని నమ్మి నేను రెండేళ్లు పోగొట్టుకున్నాను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు కొన్నది ప్లగ్గులో పెట్టే శబ్ద యంత్రం. పన్నెండు వందల రూపాయలు. మన చెవికి వినపడని శబ్దం చేసి ఎలుకల్ని తరుముతుందని డబ్బా మీద ఉంది. మొదటి వారం వంటింట్లో అలికిడి తగ్గింది, సంతోషించాం. రెండో వారానికి అంతా మామూలే. ఆ శబ్దం గోడని దాటదు, బీరువా చాటుకే చేరదు, ఇక మట్టిలో రెండడుగుల లోతున ఉన్న పందికొక్కుకి ఎలా తగులుతుంది? దీని మీద రూపాయి కూడా పెట్టవద్దు.

జిగురు అట్టలు మూడు తెచ్చాను, ఒక్కటే వాడాను. పొద్దున లేచేసరికి దాని మీద చుంచు ఉంది. పొడవాటి ముక్కుతో కిచకిచమంటూ గోడ వారనే పరుగెత్తే ఆ ప్రాణి మన బియ్యం జోలికి, బట్టల జోలికి రాదు. పురుగులు, బొద్దింకలు తిని బతుకుతుంది. రాత్రంతా పెనుగులాడి ఒక పక్క చర్మం ఊడి, ఇంకా ఊపిరి తీస్తోంది. వంట నూనె పోసి విడదీశాను గానీ బతకలేదు. మిగిలిన రెండు అట్టలూ ఆ రోజే పారేశాను. పందికొక్కుని ఎలాగూ ఆ జిగురు ఆపలేదు, అట్టతో సహా ఈడ్చుకుపోతుంది. చుంచు, తొండ, పిచ్చుక లాంటి పాపం పుణ్యం ఎరగనివే దానికి చిక్కుతాయి.

2019లో ఎలుకల నివారణ చేసే ఒక సంస్థతో సంవత్సరం ఒప్పందం చేసుకున్నాం. 4,500 రూపాయలు. ముగ్గురు యూనిఫాంలో వచ్చి, వసారాలో రెండు, పెరట్లో రెండు ఎర పెట్టిన నల్ల డబ్బాలు పెట్టి, కాగితం మీద సంతకం తీసుకుని వెళ్లారు. ఏడాదిలో మూడుసార్లు వచ్చారు. ఒక్కసారి కూడా కన్నాలెన్ని, ఏది కొత్తది అని వంగి చూడలేదు. తులసికోట చూపిస్తే "అది మేస్త్రీ పని మేడం" అన్నారు. ఒప్పందం పొడిగించలేదు.

ఇక మందుల మాట. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ప్రాణాలతో పని. ఎలుకల మందు అని అంగడిలో ఒకే పేరుతో అడుగుతాం గానీ అందులో వేర్వేరు విషాలున్నాయి. పేస్టు రూపంలో, చూడటానికి పళ్ల పేస్టు గొట్టంలా ఉండే పచ్చ భాస్వరం మందు ఇంట్లోకి రానివ్వవద్దు. దానికి విరుగుడు లేదు. పొరపాటున నోట్లోకి వెళితే మొదటి రోజు పెద్దగా ఏమీ కానట్టుంటుంది, రెండు మూడు రోజుల తర్వాత కాలేయం దెబ్బతింటుంది. బాగానే ఉన్నారనుకుని ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేసిన వాళ్ల కథలు మన జిల్లాల్లో ఏ ఊళ్లోనైనా వినిపిస్తాయి. అలాగే ధాన్యం గోదాముల్లో పురుగుకి వాడే మాత్రలు కన్నంలో వేసి మూసేయమని మా వీధిలో ఒకాయన సలహా ఇచ్చారు. ఆ మాత్ర తేమ తగిలితే విషవాయువు వదులుతుంది. కన్నం ఇంటి కిందికి పోతే ఆ వాయువు గచ్చు పగుళ్లలోంచి పడుకున్న గదిలోకి వస్తుంది. మా అత్తగారి మంచం సరిగ్గా ఆ డొల్ల బండల మీదే ఉండేది. ఆ సలహా తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మేం వాడింది బ్రోమాడయోలోన్ బిళ్ళలు, 0.005 శాతం మందు ఉన్నవి. ఇది రక్తం గడ్డకట్టకుండా చేసే విషం. తిన్న వెంటనే చావదు, నాలుగైదు రోజులు పడుతుంది. ఎలుక జాతి అనుమానపు జాతి. కొత్త తిండి కొంచెం రుచి చూసి, ఒంట్లో తేడా చేస్తే మళ్లీ ముట్టదు. చావు ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఈ బిళ్ళను అనుమానించవు, అదే దీని బలం. మాకు పనిచేసింది. అయిదో రోజుకి మూడు కన్నాలు నిశ్శబ్దమయ్యాయి. ఆరో రోజున వసారా కింద నుంచి వాసన మొదలైంది, పన్నెండు రోజులు అక్కడ కూర్చోలేకపోయాం. అంతకంటే పెద్ద కష్టం పక్కింటి వాళ్ల పిల్లికి వచ్చింది. మందు తిని మందకొడిగా తిరుగుతున్న పందికొక్కు పిల్లని అది తినేసింది. చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే పశువుల డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాం. కె1 విటమిన్ సూదిమందు ఇచ్చారు, తర్వాత చాలా రోజులు మాత్రలు వేశాం. బతికింది. ఈ మందుకి విరుగుడు ఉంది గనుక బతికింది. ఆ పిల్లి మా గోడ మీద నడుస్తూ కనబడితే ఇప్పటికీ నా ప్రాణం కుదుటపడుతుంది.

2020 డిసెంబరులో మా చేలల్లో బుట్టలు పెట్టడానికి వచ్చిన పెద్దాయన వల్ల మొత్తం మారింది. వెదురు బుట్టలతో చేలల్లో ఎలుకలు పట్టడం వాళ్లకి తాతల నాటి వృత్తి. పట్టిన ఎలుకకి ఇంత అని రైతు ఇస్తాడు. మా పెరడు ఒకసారి చూడమని అడిగితే వచ్చి, పది నిమిషాలు ఏమీ మాట్లాడకుండా గోడ చుట్టూ తిరిగారు. తర్వాత కన్నాలు లెక్కపెట్టించారు. పద్నాలుగు. "సాయంత్రం వీటన్నిటినీ తడి మట్టితో పూడ్చండి అమ్మగారూ, తెల్లారి వచ్చి చూస్తా" అన్నారు.

తెల్లారేసరికి అయిదే తెరుచుకుని ఉన్నాయి. మిగిలిన తొమ్మిదీ వదిలేసిన కన్నాలు. ఆ తొమ్మిదింటిలో మేం ఎన్నిసార్లు బిళ్ళలు వేశామో! కన్నం నోట్లో సాలెగూడు ఉంటే లోపల ఏమీ లేనట్టేనని, మట్టి తడిగా, గుళికలు గుళికలుగా ఉంటే రాత్రి తోడినదని ఆయన చూపించారు. తర్వాత ఒక కన్నాన్ని గునపంతో తవ్వారు. అడుగున్నర లోతు పోయాక దారి రెండుగా చీలింది. ఒకటి పైకి వచ్చి, పలచటి మట్టి పొర దగ్గర ఆగిపోయింది. పైనుంచి చూస్తే అక్కడ కన్నం ఉన్నట్టే తెలియదు. తరిమినప్పుడు ఆ పొర బద్దలు కొట్టుకుని పారిపోయే దొంగ దారి అది. రెండోది తులసికోట కిందికి పోయింది. అక్కడ చిన్న గదిలో కొబ్బరి పీచు, చింపిన ప్లాస్టిక్ సంచి, మా అత్తగారి పాత చీర పేలిక పరిచి ఉన్నాయి. పక్క గదిలో వరి కంకులు, తొడిమలన్నీ ఒకే వైపుకి ఉండేలా పేర్చి ఉన్నాయి. తీసి తూచితే కిలోన్నర. నేను దాని పక్కనే చాలాసేపు కూర్చుండిపోయాను. ఇంత పట్టుదలగా ఇల్లు కట్టుకునే ప్రాణిని వసారాలో పెట్టిన డబ్బా ఏం చేస్తుంది?

ఆ తర్వాతే బోను సరిగా వాడటం నేర్చుకున్నాను. బజారులో దొరికే చిన్న తీగ బోను చిట్టెలుకలకే. పందికొక్కు అందులో పడి తీగలు వంచుకుని పోయింది. వెల్డింగు షాపులో రెండడుగుల పొడవున, మందపాటి కమ్మీతో చేయించాం, 900 రూపాయలైంది. అయిదేళ్లవుతున్నా ఇంకా అదే వాడుతున్నాం. తెచ్చిన మొదటి రాత్రే తలుపు బిగించవద్దు. నాలుగైదు రాత్రులు తలుపు కట్టేసి, లోపల ఊరికే తిండి పెట్టండి. తిని పోవడం అలవాటయ్యాక అప్పుడు బిగించండి. ఎరని లోపల పెట్టడం కాదు, సన్నటి తీగతో కొక్కేనికి కట్టాలి, లేకపోతే లాక్కుని పోతుంది. పకోడీ, ఎండుచేప, కాల్చిన కొబ్బరి ముక్క మూడూ వాడి చూశాను. మా ఇంట్లో కొబ్బరికే ఎక్కువ పడ్డాయి, వానాకాలంలో మాత్రం ఎండుచేప. బోనుని పెరటి మధ్యలో పెడితే లాభం లేదు. గోడని ఆనించి, తెరుచుకున్న కన్నానికి ఒక గజం దూరంలో పెట్టాలి. నా నోటు పుస్తకంలో ఇప్పటికి ముప్ఫై ఒకటి ఉన్నాయి. పట్టుబడిన వాటిని ఆ పెద్దాయన మనుషులే తీసుకెళతారు. దూరంగా వదిలేద్దామనుకునే వాళ్లు వేరే వాళ్ల గుమ్మం ముందు వదులుతున్నామని గుర్తుపెట్టుకోవాలి. బోను ఎండలో మాత్రం వదలవద్దు, లోపలి ప్రాణి చాలా బాధపడి చస్తుంది. ఒట్టి చేతులతో ముట్టవద్దు. ఎలుక జ్వరం వాటి మూత్రంతో వస్తుంది, కాలికి చిన్న గాటు ఉన్నా చాలు. వాటి పెంటికలున్న చోట పొడిగా ఊడ్వకుండా, ముందు బ్లీచింగు నీళ్లు చల్లి తడిగా తుడవాలి.

బోనుతో సంఖ్య తగ్గింది గానీ కోతలు రాగానే కొత్తవి వచ్చేవి. వాటిని ఆపింది ఇనుప జాలీ. 2021 వేసవిలో ఇంటి పునాది వెంట అడుగున్నర లోతున చాళ్లు తవ్వించి, జింకు పూత జాలీని నిలువుగా దింపి, అడుగున ఒక అడుగు మేర బయటి వైపుకి మడిచి పూడ్చాం. పందికొక్కు గోడ పక్కనే కిందికి తవ్వుతుంది, జాలీ తగిలితే వెనక్కి పోయి తవ్వాలని దానికి తోచదు. ఈ మడత లేకుండా నిలువు జాలీ ఒక్కటే వేస్తే దాని కింది నుంచి దూరిపోతుంది, పక్క వీధిలో ఒకరింట్లో అదే జరిగింది. జాలీ కంత అరంగుళం మించకూడదు. చిట్టెలుకకి అయితే పావు అంగుళం సందు కూడా చాలు, అందుకని వంటింటి గొట్టాల చుట్టూ గిన్నెలు తోమే ఇనుప పీచు కుక్కి సిమెంటు పెట్టించాను. వసారా కింద డొల్లలో ఇటుక ముక్కలు, గాజు పెంకులు, సిమెంటు కలిపి పోశాం. స్నానాల గది తూముకి ప్లాస్టిక్ జల్లెడ తీసేసి ఇనుపది వేయించాం. మొత్తం 11,000 రూపాయలు. శబ్ద యంత్రం, సంస్థ ఒప్పందం, రెండేళ్ల బిళ్ళలు, రెండుసార్లు కొరికేసిన మోటారు వైరు అన్నీ కలిపితే అంతకు ముందే దాదాపు ఇంత పోగొట్టుకున్నాం.

కొబ్బరి డొక్కల కుప్పని నేల మీది నుంచి అరుగు మీదికి ఎక్కించడం, కుక్క తిన్న పళ్లెం రాత్రి కడిగేయడం లాంటి పనులకి ఖర్చేమీ లేదు, ఫలితం మాత్రం కనబడింది. మందు పూర్తిగా మానేశానని చెప్పను. 2023లో పక్కింటి గోడ వైపు ఒక కన్నం తెరుచుకుంటే, బోను వారం రోజులు ఖాళీగా ఉంటే, ఒక బిళ్ళ పొట్లం కన్నంలోకి మూర దూరం తోసి మట్టితో మూశాను. పక్కింటి వాళ్లకి ముందే చెప్పి, ఆ వారం పిల్లిని లోపలే ఉంచమన్నాను. బయట ఆరుబయట మాత్రం ఇంకెప్పుడూ పెట్టలేదు.

తులసికోట కొత్తగా కట్టించాం, నిటారుగా ఉంది. నెలకోసారి సాయంత్రం పెరట్లో కనబడిన ప్రతి కన్నాన్నీ పూడ్చి, పొద్దున లేవగానే చూడటం అలవాటైంది. మొన్న చూసినప్పుడు ఒక్కటీ తెరుచుకోలేదు. కానీ తూము పక్కన జాలీ తుప్పు పట్టి, వేలితో నొక్కితే రాలుతోంది. ఎప్పుడూ తడి ఉండే చోట నాలుగేళ్లకి మించి ఆగదని ఇప్పుడు తెలిసింది. అక్కడ స్టీలు జాలీ వేయమని మేస్త్రీకి చెప్పాను, దాళ్వా కోతలు మొదలయ్యేలోగా వస్తానన్నాడు.