క్యాన్యులా మూసుకుపోకుండా ఉండాలంటే సెలైన్, హెపారిన్‌లలో ఏది మేలు?

మందు ఎక్కించేందుకు చేతి సిరలో అమర్చిన సన్నని గొట్టమైన ఐవీ క్యాన్యులాలోకి, మందు ఎక్కించడం ఆగాక, రక్తం వెనక్కి వచ్చి గడ్డకట్టే అవకాశం ఉంది. దాన్ని తెరిచి ఉంచేందుకు ఒకప్పుడు హెపారిన్ ద్రావణాన్ని నింపి ఉంచేవారు, ఇప్పుడు 0.9 శాతం సెలైన్‌తో కడగడమే ఎక్కువ వాడుకలో ఉంది. పెద్దవారి చేతి క్యాన్యులాకు సెలైనే మేలని నా అభిప్రాయం.

హెపారిన్ రక్తం గడ్డకట్టడాన్ని అడ్డుకుంటుంది కనుక అదే మెరుగనిపించడం సహజం. కానీ పొసగని మందులు గొట్టంలో కలిసి గట్టిపడినా, గొట్టం మడతపడినా, సిర వాచినా క్యాన్యులా పనిచేయదు. ఇవేవీ హెపారిన్‌కు లొంగవు. పైగా జెంటామైసిన్ వంటి మందులతో హెపారినే పొసగదు కాబట్టి, అక్కడ ముందూ వెనుకా సెలైన్‌తో కడగక తప్పదు. అరుదుగానే అయినా, కొద్దిపాటి హెపారిన్‌కే కొందరిలో ప్లేట్‌లెట్లు పడిపోయి, ప్రమాదకరమైన రక్తపు గడ్డలు ఏర్పడతాయి. మోతాదు పొరపాటు భయం కూడా ఉంది: 2007లో లాస్ ఏంజెలెస్‌లో పసికందులైన కవలలకు మిల్లీలీటరుకు 10 యూనిట్ల ద్రావణానికి బదులు 10,000 యూనిట్లది ఇచ్చారు. ఆ పిల్లలు కోలుకున్నారు, అయినా అంతటి ముప్పును కేవలం గొట్టం కడగడం కోసం తెచ్చుకోవడం సమంజసం కాదు.

అయితే డయాలిసిస్ క్యాథెటర్లలో హెపారిన్ లేదా, అలాగే రక్తం గడ్డకట్టనివ్వని సిట్రేట్ నింపి ఉంచే పద్ధతి ఇప్పటికీ ఉంది, ఆ నిర్ణయం వైద్యులది. యాంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు ఇచ్చేటప్పుడు మాత్రం సెలైన్ పనికిరాదు, 5 శాతం డెక్స్‌ట్రోజ్ (చక్కెర) ద్రావణంతోనే కడగాలి.

సెలైన్‌ను ఎంచుకున్నాక, ముందే నింపి వచ్చే సిరంజీ, అక్కడికక్కడ నింపుకునే సిరంజీలలో మొదటిదే నయం, ఎందుకంటే చేతులు మారేకొద్దీ సూక్ష్మజీవులు చేరే అవకాశం పెరుగుతుంది. అది దొరకనిచోట ఒక్కసారి వాడే చిన్న సీసా నుంచి తీసుకోవాలి గానీ, పలువురు రోగులకు ఒకే సెలైన్ సంచి నుంచి తీయడం ఎంతమాత్రం తగదు.

ఏ ద్రావణమైనా కడిగే తీరు సరిగా లేకపోతే ఫలితం ఉండదు. గొట్టం చివరను ఆల్కహాల్‌తో బాగా రుద్ది ఆరనిచ్చి, సెలైన్‌ను ఆపి ఆపి తోస్తూ, చివరి కొద్ది చుక్కలు తోస్తుండగానే గొట్టాన్ని నొక్కిపట్టే క్లాంపు బిగిస్తే రక్తం వెనక్కి రాదు. సన్నని సిరంజీ ఎక్కువ ఒత్తిడి కలిగిస్తుంది కనుక, సాధారణంగా 10 మిల్లీలీటర్ల సిరంజీ వ్యాసమున్నదే వాడతారు. తోస్తుంటే అడ్డు తగిలినా, రోగి మంటగా ఉందన్నా, చర్మం ఉబ్బినా బలవంతంగా తోయకూడదు. వెంటనే ఆపి, క్యాన్యులా మార్చాలేమో చూడాలి.