డెబియన్ 12లో పొయెట్రీ ప్యాకేజీ: నిలకడ సరే, కొత్త ప్రాజెక్టుల మాటేమిటి?

2023 జూన్‌లో విడుదలైన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ 12, పైథాన్ లైబ్రరీలను ఇన్‌స్టాల్ చేసే పిప్ నేరుగా సిస్టమ్ పైథాన్‌లో వాటిని చేర్చకుండా అడ్డుకుంటుంది కనుక, పైథాన్ ప్రాజెక్టుల డిపెండెన్సీలను (అవి ఆధారపడే లైబ్రరీలను) నిర్వహించే పొయెట్రీ, డెబియన్ సొంత ఇన్‌స్టాలర్ ఆప్ట్ ద్వారానే దొరకడం నాకు మొదట ఎంతో సౌకర్యంగా తోచింది. ఒక్క కమాండ్‌తో పని పూర్తయింది.

ఈ ప్యాకేజీ వెనక ఉన్న శ్రమ చిన్నది కాదు. డెబియన్ నియమాల ప్రకారం ప్యాకేజీని తయారుచేసే (బిల్డ్) సమయంలో ఇంటర్నెట్‌ను ఆశ్రయించకూడదు. పొయెట్రీకి అవసరమైన లైబ్రరీలన్నీ విడి ప్యాకేజీలుగా, అదీ సాధారణంగా ఒకే వెర్షన్‌లో, ముందే డెబియన్ ప్యాకేజీల భండారమైన ఆర్కైవ్‌లో ఉండాలి. ప్రతి ప్రాజెక్టుకూ కచ్చితమైన వెర్షన్లు ఎంచిపెట్టే పనిముట్టు, తాను మాత్రం అక్కడ ఉన్నవాటితోనే సర్దుకోవాలి. ఊరందరికీ కొలతలు తీసి కుట్టే దర్జీ రెడీమేడ్ చొక్కా తొడుక్కున్నట్టు!

అసలు చిక్కు వయసుతో వస్తుంది. డెబియన్ 12లో పొయెట్రీ 1.3 దగ్గరే ఆగిపోయింది. 2025 జనవరిలో వచ్చిన 2.0, ప్రాజెక్టు వివరాలను పైథాన్ ప్రామాణిక పద్ధతిలో 'ప్రాజెక్ట్' విభాగం కింద రాయనిస్తుంది. ఆ విభాగాన్ని మాత్రమే నమ్ముకున్న ప్రాజెక్టును పాత వెర్షన్ అంగీకరించదు. పాత కోడు నడుస్తున్న సర్వర్లకు ఈ డెబియన్ ప్యాకేజీని నిస్సంకోచంగా సూచిస్తాను. కొత్తగా మొదలుపెట్టేవారు పైథాన్ పనిముట్లను విడివిడిగా ఇన్‌స్టాల్ చేసే పిప్‌ఎక్స్‌ను ఆప్ట్ నుంచి తెచ్చుకొని, దానితో పొయెట్రీని విడి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (సిస్టమ్ పైథాన్‌తో కలవని చోట) పెట్టుకోవడం మేలు.