మంచు పడే ఊళ్ళో పూలతీగ: విస్టీరియానా, క్లెమాటిసా, హనీసకిలా?

అమెరికాలో మినియాపొలిస్ వైపు నర్సరీకి వెళ్ళిన మనవాళ్ళు ముందుగా అడిగేది "ఈ తీగ చలికి తట్టుకుంటుందా?" అని. అంతకంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది: ఇది పూసేది పాత కొమ్మకా, కొత్త చిగురుకా? మైనస్ 30 సెల్సియస్‌లో వేరు బతికినా, నిరుడు కట్టిన మొగ్గలు మాడిపోతే ఆ ఏడాదికి ఆకులే గతి.

చైనా విస్టీరియాతో వచ్చే చిక్కు ఇదే. మొగ్గలు ముందటేడు వేసవిలోనే కట్టి, చలికాలమంతా కొమ్మ మీదే ఉంటాయి. విత్తనం మొక్కైతే పూతకు పదేళ్ళు పట్టినా పట్టొచ్చు. ఈలోగా కాండం లావెక్కి చెక్క పందిరిని విరగదీస్తుంది. ఫోటోల్లో ఆ ఊదా గుత్తులు చూసి మనసు ఆగనివాళ్ళు కెంటకీ విస్టీరియాలో 'బ్లూ మూన్' రకం పెట్టుకోవాలి. ఆకులొచ్చాక కొత్త చిగుళ్ళకు పూస్తుంది. వాసన మాత్రం కాస్త తక్కువ.

నా ఓటు 'జాక్‌మానీ' క్లెమాటిస్‌కే. 1860ల్లో ఇంగ్లండులోని వోకింగ్ నర్సరీ నుంచి వచ్చిన ముదురు ఊదా రకం. చలికి పైదంతా ఎండిపోయినా దిగుల్లేదు, ఎలాగూ చలికాలం చివర్లో నేల నుంచి అడుగెత్తు ఉంచి కత్తిరించేదే. వేసవి నడిమికి కంచె నిండా పూలు. ఇది ఆకు కాడలతో చుట్టుకుని పాకుతుంది కాబట్టి లావు గుంజలను పట్టుకోలేదు, సన్న తీగల వల కట్టాలి. తలకు ఎండ, వేళ్ళకు చల్లదనం కావాలి. మొదలు చుట్టూ గడ్డీ ఆకులూ కప్పితే సరి. వాసనైతే ఆశించొద్దు.

కెనడాలోని విన్నిపెగ్ చలికైతే 'డ్రాప్‌మోర్ స్కార్లెట్' హనీసకిల్ ఇంకా మొండిది. అక్కడి మానిటోబా రాష్ట్రంలోనే ఫ్రాంక్ స్కిన్నర్ అనే మొక్కల పెంపకందారు తయారుచేసిన రకం. పొడుగు గొట్టాల్లాంటి ఎర్రపూలు దూరం నుంచి రాధామనోహరంలా కనిపిస్తాయి, ఆ పరిమళమొక్కటే ఉండదు. జూన్ నుంచి చలి ముదిరేదాకా పూస్తుంది, హమ్మింగ్‌బర్డ్‌లు వాలతాయి. పేనుబంక పడుతుంది, నీళ్ళు గట్టిగా కొట్టి కడిగేయాలి.

ట్రంపెట్ వైన్ అనే ఇంకో పూలతీగ జోలికి మాత్రం, పెద్ద స్థలం ఉంటే తప్ప పోవద్దు. దాని పిలకలు పక్కింటి లాన్‌లో కూడా లేస్తాయి.

క్లెమాటిస్ కొనేటప్పుడు లేబుల్ మీద 'గ్రూప్ 3' అని ఉందో లేదో చూడండి. కొత్త చిగురుకు పూసేవి అవే.