కొరాపుట్ కొండల్లో పాత వ్యాను కొనేవారికి హెచ్చరిక: హీటరు చూడకుండా బయానా ఇవ్వకండి

మేము ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సెమిలిగుడలో ఉంటాము. గత డిసెంబరులో కొండ దిగువనున్న ఒక సెకండ్‌హ్యాండ్ వాహనాల వ్యాపారి దగ్గర పన్నెండేళ్ల నాటి డీజిల్ వ్యాను కొన్నాను. టైర్లు, బ్రేకులు, కాగితాలు శ్రద్ధగానే చూశాను. హీటరు సంగతి అడిగితే ఆయన మీట తిప్పి, ఫ్యాను శబ్దం వినిపించి, ఇంజను వేడెక్కితే వెచ్చని గాలి అదే వస్తుందని చెప్పారు. మధ్యాహ్నపు ఎండలో నిలబడి ఉన్న నేను ఆ మాట నమ్మాను.

సాలూరు దాటి ఘాట్ ఎక్కుతున్నంతసేపు, ఇంజను మీద బరువు పడుతున్నందున కాబోలు, గోరువెచ్చని గాలి వచ్చింది. పైకి చేరాక అదీ లేదు. జనవరిలో ఒక తెల్లవారుజామున మా అమ్మగారిని విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకువెళ్తూ అదే ఘాట్ దిగుతుండగా, బయట పొగమంచు, లోపల అద్దం నిండా ఆవిరి; వేడిగాలి లేకపోవడంతో మా తమ్ముడు తువ్వాలుతో తుడుస్తూ ఉంటే నేను మలుపు మలుపుకూ ఆగి ఆగి దిగవలసి వచ్చింది. ఆ రోజు పడిన భయం ఇంకొకరు పడకూడదనే ఇది రాస్తున్నాను.

తరువాత జయపురంలో మెకానిక్ విప్పి చూస్తే అసలు విషయం బయటపడింది. ఇంజను వేడెక్కకుండా ఉండాలని ఎవరో థర్మోస్టాట్‌నే తీసివేశారు. సుమారు 80 డిగ్రీల పైన మాత్రమే తెరుచుకొని నీటిని రేడియేటరుకు వదలవలసిన ఆ కవాటం లేకపోతే, నీరు ఎప్పుడూ చల్లబడుతూనే ఉంటుంది. హీటరుకు వేడి అందదు, డీజిల్ ఎక్కువ కాలుతుంది, ఇంజను త్వరగా అరుగుతుంది. అంతటితో ఆగలేదు. కూలెంట్ (ఇంజనును చల్లబరుస్తూ, తుప్పు పట్టనివ్వని ద్రవం) బదులు మామూలు నీళ్లు పోశారు, రేడియేటరు కారుతుంటే ఆ కారుడు ఆగాలని పసుపు వేశారు. ఆ పసుపూ తుప్పూ కలిసి, ఇంజను వేడినీటితో లోపలి గాలిని వెచ్చబరిచే భాగమైన హీటరు కోర్‌లోని సన్నని గొట్టాలను మూసివేశాయి. కోర్ మార్చాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. వారం రోజులు వ్యాను షెడ్డులోనే ఉంది. వ్యాపారిని అడిగితే, ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నానని నేను సంతకం చేసిన కాగితం చూపించారు.

హీటరు బలహీనంగా ఉన్నంత మాత్రాన ప్రతిసారీ మోసం జరిగిందని నేను అనను. కేబుల్ వదులై మీట పూర్తిగా తిరగకపోవచ్చు, కూలెంట్ తగ్గి కోర్‌లో గాలి చేరి ఉండవచ్చు. ఇవి చిన్న ఖర్చుతో పోతాయి. తేడా తెలుసుకోవడానికి ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే వెళ్లి, రేడియేటరు మూత మీరే తీసి నీటి రంగు చూడండి. తుప్పు రంగో, పసుపు మడ్డో కనిపిస్తే అక్కడే ఆగండి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఆ మూత మాత్రం ఎన్నడూ తీయకండి, మరిగే నీరు ముఖాన చిమ్ముతుంది. తరువాత అరగంట నడిపి, టెంపరేచర్ ముల్లు మధ్యకు వస్తుందో లేదో గమనించండి. ఎంత నడిపినా కిందే ఉంటే థర్మోస్టాట్ లేదనో, తెరుచుకొని బిగుసుకుపోయిందనో అనుమానించాలి. ఇంజను నుంచి క్యాబిన్‌లోకి వెళ్లే రెండు హీటరు గొట్టాలనూ జాగ్రత్తగా తాకి చూడండి: మీట వేడి వైపు ఉన్నా ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే కోర్ మూసుకుపోయిందనో, హీటరుకు నీరు వదిలే కవాటం తెరుచుకోవడం లేదనో అర్థం. ఆ రెండు గొట్టాలనూ ఇంజను దగ్గరే ఒకదానికొకటి కలిపేసి ఉంటే, కారుతున్న కోర్‌ను దాచడానికి పక్కకు తప్పించారని గ్రహించండి. తియ్యటి వాసనతో అద్దం మీద జిడ్డు ఆవిరి పట్టడం కూడా ఆ కారుడుకే గుర్తు.

మన వైపు చలికాలంలో ఇంట్లో వాడే బొగ్గుల కుంపటిని, హీటరు బాగయ్యేవరకు వ్యానులో పెట్టుకోమని నాకు ఒకరు సలహా ఇచ్చారు. దయచేసి ఆ పని చేయకండి. మూసిన వ్యానులో బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అంతవరకు దుప్పట్లు కప్పుకోండి, అద్దాలు కొద్దిగా దించుకోండి, మంచు విడిచాకే ఘాట్ దిగండి.