గరిటెకు తోడు పెనం వచ్చాక: టీఎఫ్‌టీలో నా అనుభవం

టీమ్‌ఫైట్ టాక్టిక్స్ (టీఎఫ్‌టీ) అనే వీడియో గేమ్‌లో ఫ్రయింగ్ ప్యాన్ అనే ఐటెం ముక్క ఉంది. మా గ్రూపులో దాని పేరు పెనం. అలాంటిదే మరో ముక్క స్పాచులాని ఎప్పటినుంచో గరిటె అనే పిలుస్తున్నాం కాబట్టి, 2024లో ఫ్రయింగ్ ప్యాన్ ఆటలోకి దిగగానే పేరు కోసం వెతుక్కోలేదు. 'గరిటె ఒక్కతే ఉండలేక ఏడుస్తుంటే పెనాన్ని పంపారు' అని ఒకడు జోకేశాడు. జోకు సంగతి సరే, ఆ పెనం వచ్చాక టీమ్‌ఫైట్ టాక్టిక్స్‌లో నేను టీమ్ కట్టే పద్ధతే మారిపోయింది. మొదటి వారం ఊపులో రాసి ఉంటే దీన్ని ఆకాశానికెత్తేసేవాణ్ణి. రెండో నెలలో రాసి ఉంటే తిట్టిపోసేవాణ్ణి. ఇప్పుడు చాలా సెట్లు, అంటే ఆట రూపం మారే సీజన్లు, ఆడాక రాస్తున్నాను కాబట్టి కాస్త నిదానంగానే చెప్పగలను.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎనిమిది మంది ఆడతారు, ఒక్కొక్కరికి 100 హెల్త్. షాపులో చాంపియన్లను, అంటే యోధుల పాత్రలను, కొని బోర్డు మీద నిలబెట్టడం వరకే మన పని, కొట్టుకోవడం వాళ్లే కొట్టుకుంటారు. వాళ్లకిచ్చే ఆయుధాలు మాత్రం ముక్కలు ముక్కలుగా దొరుకుతాయి. బీఎఫ్ స్వోర్డ్, రికర్వ్ బో, రాడ్, టియర్, చెయిన్ వెస్ట్, నెగట్రాన్ క్లోక్, జెయింట్స్ బెల్ట్, స్పారింగ్ గ్లోవ్స్. ఈ ఎనిమిదిలో ఏ రెండు కలిపినా, అదే రకం రెండు కలిపినా, ఒక పూర్తి ఐటెం వస్తుంది. లెక్కేస్తే 36 రకాలు. ఒక్కో చాంపియన్‌కి మూడు ఐటెంలే పడతాయి. ఒకసారి కలిపామంటే మళ్లీ ముక్కలుగా విడదీయలేం. అసలు టెన్షన్ అంతా ఇక్కడే ఉంటుంది.

గరిటె, పెనం ఈ ఎనిమిదిలోకి రావు. బో ఒక్కటే పెట్టినా అటాక్ స్పీడ్ కొంచెం పెరుగుతుంది, వెస్ట్ పెడితే ఆర్మర్ వస్తుంది. గరిటెనో పెనాన్నో విడిగా తగిలిస్తే ఒరిగేదేమీ ఉండదు. మామూలు ముక్కతో కలిపినప్పుడే దానికి విలువ. అప్పుడు ఎంబ్లెమ్ తయారవుతుంది, అంటే ఒక చాంపియన్‌కి పుట్టుకతో లేని ట్రెయిట్‌ని అంటగట్టే బిళ్ల. ట్రెయిట్ అంటే చాంపియన్ వర్గం, ఒకే వర్గం వాళ్లు తగినంత మంది ఉంటే టీమ్‌కి బలం వస్తుంది. ఆరుగురి దగ్గర ఆగిపోయిన ట్రెయిట్ ఏడుకి చేరితే టీమ్ బలం ఒక్కసారిగా మారిపోతుంది. పెనం రాకముందు ముక్కలు కలిపి ఎంబ్లెమ్ చేయడానికి దారి గరిటె ఒక్కటే. ఇప్పుడు కొన్ని ట్రెయిట్లు గరిటె వైపు, కొన్ని పెనం వైపు పంచుకున్నాయి. ఏ ముక్కతో ఏది వస్తుందనేది సెట్ మారినప్పుడల్లా మారుతుంది.

పైకి చూస్తే అవకాశాలు పెరిగినట్టే. నేనూ అలాగే అనుకున్నాను. కొన్నాళ్లు ఆడాక తెలిసిందేమిటంటే, చేతికి పెనం వస్తే సరిపోదు, మనక్కావలసిన ట్రెయిట్ పెనం వైపు ఉండాలి. లేదంటే అది బెంచ్ పక్కన అలా పడి ఉంటుంది. అందుకే ఇప్పుడు టీమ్ ముందు అనుకుని ముక్కల కోసం ఎదురుచూడటం మానేశాను. ముక్కల్ని చూశాకే టీమ్ గురించి ఆలోచిస్తున్నాను.

ఈ బుద్ధి ఊరికే రాలేదు. ఒక మ్యాచ్ ఇప్పటికీ గుర్తుంది. మ్యాచ్ స్టేజీలుగా, ఒక్కో స్టేజీ కొన్ని రౌండ్లుగా సాగుతుంది. రెండో స్టేజీ మొదట్లోనే నా దగ్గర వెస్ట్, గ్లోవ్స్, పెనం ఉన్నాయి. నేను మనసులో కట్టుకున్న టీమ్‌కి కావలసిన ఎంబ్లెమ్ పెనం, రాడ్ కలిపితే వస్తుంది. రాడ్ రాకుండా ఎక్కడికి పోతుందిలే అని మూడింటినీ అట్టే పెట్టుకుని కూర్చున్నాను. రౌండ్ తర్వాత రౌండ్ ఓడుతూ మూడో స్టేజీ క్యారౌసెల్ దాకా, అంటే తిరుగుతున్న చాంపియన్లలో ఒకరిని వాళ్ల మీదున్న ముక్కతో సహా పట్టుకునే రౌండ్ దాకా, వచ్చాను. అక్కడ హెల్త్ తక్కువున్న ఇద్దరిని ముందు వదులుతారు, తర్వాత మరో ఇద్దరు, అలా జంటలుగా. గుండ్రంగా తిరుగుతున్న చాంపియన్లలో ఒకరి మీద రాడ్ కనబడింది. నాది రెండో జంట. నా గేటు తెరుచుకునేలోపే ముందు వెళ్లినవాడు సరిగ్గా దాన్నే పట్టుకుపోయాడు. వాడికి అది అవసరమో కాదో కూడా తెలీదు.

చివరికి నాలుగో స్టేజీలో రాప్టర్లనే రాక్షసుల్ని కొట్టినప్పుడు రాడ్ పడింది. అప్పటికి నాకు మిగిలింది 22 హెల్త్. ఆనందంగా ఎంబ్లెమ్ చేసి మా క్యారీ మీద, అంటే టీమ్‌లో ఎక్కువ దెబ్బలు కొట్టే ప్రధాన చాంపియన్ మీద, పెట్టబోతే ఎక్కలేదు. ఆ ట్రెయిట్ ఉన్న చాంపియన్‌కి అదే ట్రెయిట్ ఎంబ్లెమ్ పెట్టడం కుదరదు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు, కంగారులో మర్చిపోయాను. బోర్డు మీద ఉన్నవాళ్లలో దాన్ని మోయడానికి పనికొచ్చేవాడు ఒక్కడే. వాడు ఒక్క స్టార్‌తో (అంటే ఇంకా పైస్థాయికి ఎదగకుండా), ముందు వరసలో, రెండు దెబ్బలకే పడిపోయే రకం. ఆ మ్యాచ్‌లో నాకు ఆరో స్థానం వచ్చింది.

ఇంకో మ్యాచ్‌లో దాదాపు ఇవే ముక్కలొచ్చాయి. ఈసారి పెనాన్ని ఆలోచించకుండా వెస్ట్‌తో కలిపేశాను. వచ్చిన ట్రెయిట్ నేను అనుకున్నది కాదు, ఆ సెట్‌లో అంతకుముందు ఒక్కసారి కూడా ఆడింది కాదు. సరే, ఎలాగూ వచ్చింది కదా అని షాపులో దానికి సరిపడే చాంపియన్లను ఏరుకుంటూ పోయాను. రెండో స్థానంలో నిలిచాను. ఆ సెట్‌లో నాకు బాగా నచ్చిన టీమ్ అలా కాలికి తగిలిన తీగే.

ముక్కల్ని వెంటనే కలిపేయడాన్ని ఆటగాళ్లు 'స్లామ్ చేయడం' అంటారు. అన్నీ స్లామ్ చేసేయండి అని చాలామంది చెబుతారు. నేను అంత దూరం వెళ్లను. రెండో స్టేజీలో ఓడితే పోయే హెల్త్ తక్కువే. వరసగా ఓడితే స్ట్రీక్ గోల్డ్ అనే అదనపు డబ్బు వస్తుంది, క్యారౌసెల్‌లో ముందు దిగొచ్చు. కావాలని ఓడేవాళ్లు ఆ లెక్కతో ముక్కలు దాచుకుంటే తప్పులేదు. కానీ స్టేజీలు పెరిగేకొద్దీ ఒక్కో ఓటమికి పడే దెబ్బ పెరుగుతుంది. నాలుగో స్టేజీలో బెంచ్ పక్కన నాలుగు ముక్కలు ఖాళీగా ఉన్నాయంటే, రెండు పూర్తి ఐటెంలు లేకుండా యుద్ధానికి వెళ్తున్నట్టే. నా హద్దు మూడో స్టేజీ రెండో రౌండ్. అప్పటికి గరిటెకైనా పెనానికైనా జత దొరకాలి, నచ్చినా నచ్చకపోయినా.

జత దేనితో అనేది ఇంకో తలనొప్పి. పెనానికి రాడ్ ఇచ్చేస్తే, ఆ రాడ్‌తో బో కలిపి చేసుకోవాల్సిన గిన్సూస్ రేజ్‌బ్లేడ్ పోయినట్టే. గ్లోవ్స్ ఇచ్చేస్తే స్వోర్డ్‌తో వచ్చే ఇన్ఫినిటీ ఎడ్జ్ పోతుంది. అంటే ఎంబ్లెమ్ ధర ఒక మామూలు ముక్క మాత్రమే కాదు, దాంతో వచ్చి ఉండాల్సిన అసలు ఆయుధం. మోసే చాంపియన్ మూడు గడుల్లో ఒకటి కూడా దానికే పోతుంది. అందుకే ఎంబ్లెమ్‌ని ప్రధాన క్యారీకి పెట్టడం నాకిష్టం ఉండదు. వెనక వరసలో ఏ ఆయుధమూ లేకుండా నిలబడే చాంపియన్ ఒకడు ఉంటాడు కదా, ఊరికే లెక్కకి ఉన్నవాడు, వాడికి తగిలిస్తాను. ఎంబ్లెమ్ వల్ల క్యారీకే పెద్ద లాభం వచ్చే ట్రెయిట్ అయితే తప్ప.

గరిటెలు రెండు దొరికినా, పెనాలు రెండు దొరికినా, గరిటెకి పెనం కలిపినా బోర్డు మీద ఒక చోటు పెరుగుతుంది. లెవెల్ 8లో, అంటే ఎనిమిది మందికే చోటుండగా, తొమ్మిది మందిని దించడమంటే ఆషామాషీ కాదు. తొమ్మిదో లెవెల్‌కి ఎంత గోల్డ్ పోయాలో ఆడినవాళ్లకి తెలుసు. గరిటె ఒక్కటే ఉన్న రోజుల్లో రెండు గరిటెలు దొరకడం గొప్ప అదృష్టం. ఇప్పుడు రెండు రకాల్లో ఏ రెండైనా సరిపోతాయి. కొత్త ముక్క చేసిన నిజమైన మేలు నా దృష్టిలో ఇదే, కానీ దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అందరి చూపూ ఎంబ్లెమ్‌ల మీదే.

ఎంబ్లెమ్ మోజులో పడి నేను చాన్నాళ్లు ముందు వరసను గాలికొదిలేశాను. వెస్ట్, బెల్ట్ కలిపితే సన్‌ఫైర్ కేప్. పెట్టుకున్నవాడు గట్టిపడతాడు, ఎదుటివాళ్లకి నిప్పంటుకుంటుంది, వాళ్ల హీలింగ్ తగ్గుతుంది. ఏ టీమ్‌లోనైనా ఇమిడిపోతుంది. వెస్ట్, క్లోక్ కలిపితే వచ్చే గార్గాయిల్ స్టోన్‌ప్లేట్ కూడా అంతే. ఏ చాంపియన్లతో టీమ్ కట్టబోతున్నామో తేలకముందే ఇలాంటివి చేసిపెట్టుకుంటే నష్టం లేదు. ముందు వరసలో దెబ్బలు కాచే ట్యాంక్ నాలుగు సెకన్లు ఎక్కువ నిలబడితే వెనక క్యారీ ఇంకోసారి స్కిల్ వాడుకుంటాడు. స్వోర్డ్, బో లాంటివి మాత్రం కాస్త ఆగి వాడతాను, ఎందుకంటే అవి క్యారీ ఎవరనేదాన్ని చాలావరకు తేల్చేస్తాయి.

ఫోన్‌లో ఆడేవాళ్లకి ఒక హెచ్చరిక. ఒక ముక్క మోస్తున్న చాంపియన్ మీద ఇంకో ముక్క జారితే రెండూ అక్కడికక్కడే కలిసిపోతాయి. ఒకసారి రౌండ్ మొదలవడానికి రెండు సెకన్లుందనగా గ్లోవ్స్‌ని లాక్కొచ్చి వదిలాను. వేలు ఒక గడి పక్కకి పడింది. అక్కడున్నవాడి దగ్గర అప్పటికే గ్లోవ్స్ ఉన్నాయి. రెండు గ్లోవ్స్ కలిస్తే థీవ్స్ గ్లోవ్స్. దాన్ని పెట్టుకున్నవాడికి రౌండ్ రౌండ్‌కీ ఏవో రెండు ఐటెంలు తగులుతాయి, మిగతా చోటు మూసుకుపోతుంది. ఆ రౌండ్‌లో మా వెనక వరస మంత్రగాడికి ట్యాంక్ వేసుకునే కవచాలు రెండు దక్కాయి. తప్పు నా వేలిదే. అప్పటినుంచి ముక్కల పని రౌండ్ అయిపోయిన వెంటనే చూసుకుంటున్నాను, చివరి సెకన్లు నిలబెట్టే చోట్లకే.

కొత్తగా చేరేవాళ్లకి 36 రకాలంటే భయం వేస్తుంది గానీ అది పెద్ద అడ్డంకి కాదు. ముక్కని నొక్కితే దేనితో ఏమొస్తుందో ఆటలోనే కనబడుతుంది. ఓ పాతిక మ్యాచ్‌లకి చేతికి అలవాటైపోతుంది. గరిటె, పెనం జాబితాలే ప్రతి సెట్‌కీ మళ్లీ నేర్చుకోవాలి. మామూలు జతలూ అప్పుడప్పుడూ మారతాయనుకోండి. క్లోక్, బెల్ట్ కలిపితే ఒకప్పుడు జెఫైర్ వచ్చేది. యుద్ధం మొదలవగానే ఎదురుగా ఉన్న చాంపియన్‌ని గాల్లోకి ఎగరేసేది. దాన్ని తప్పించుకోడానికి ఆఖరి క్షణంలో అందరూ క్యారీని అటూ ఇటూ మార్చేవాళ్లు. అది పోయి ఆ జతకి ఈవెన్‌ష్రౌడ్ వచ్చింది. ఆ చివరి సెకను గోల అంటే నాకు భలే ఇష్టం ఉండేది, ఇప్పటికీ వెలితిగానే ఉంది.

కొత్త ముక్కకి నేను మార్కులు వేయాల్సి వస్తే పదికి ఏడు వేస్తాను. ఒకే టీమ్‌ని బట్టీపట్టి ప్రతి మ్యాచ్‌లో అదే ఆడేవాళ్లకి పెనం వల్ల చిరాకే ఎక్కువ. వచ్చిన ముక్కలతో అప్పటికప్పుడు టీమ్ కట్టడం సరదాగా ఉండేవాళ్లకి మాత్రం ఇది పండగే. నేను మొదటి రకంగా మొదలై రెండో రకంగా మారాను, పూర్తిగా కాదు. నిన్న రాత్రి మ్యాచ్‌లో కూడా పెనం పక్కన టియర్ పెట్టుకుని, ఇంకొక్క రౌండ్ చూద్దాంలే అని నాలుగో స్టేజీ దాకా ఆగాను. ఐదో స్థానం.