మొదటి బీసీడీ: జాకెట్టా, వింగా?

బీసీడీ అంటే స్కూబా డైవర్ ఒంటికి తొడుక్కునే గాలి సంచి; గాలి నింపుతూ, వదులుతూ నీటిలో తేలడాన్ని అదుపు చేసుకోవచ్చు. జాకెట్ రకంలో గాలి వీపు నుంచి పక్కలకు, పొట్ట దాకా పరుచుకుంటుంది. అందుకే నీటిపైన తల నిటారుగా నిలుస్తుంది. కొత్తవాళ్లకు అది పెద్ద ధైర్యం. కానీ నిండా ఊదితే ఛాతీ బిగుసుకుపోయి ఊపిరి ఆడనట్టుంటుంది.

వింగ్ రకంలో గాలంతా వీపు మీద, సిలిండర్‌కు అటూ ఇటూ ఉంటుంది. నీటి అడుగున ఒళ్లు అడ్డంగా సులువుగా కుదురుకుంటుంది, ఛాతీకి బిగువే ఉండదు. పైకొచ్చాక మరీ ఊదితే ముఖాన్ని ముందుకు తోస్తుంది. కాస్త గాలి వదిలి వెనక్కి వాలితే సరి. మునగడానికి నడుముకు కట్టుకునే బరువులో ఒకటి రెండు కిలోలు సిలిండర్ బెల్టుకు మార్చినా తేడా తెలుస్తుంది.

డైవింగ్ కొనసాగించాలనుకునేవారికి మా మాట వింగే. వెచ్చటి నీళ్లకు, పల్చటి సూట్‌కు, ఒక్క సిలిండర్‌కు 12–15 కిలోల లిఫ్ట్ (పైకి తేల్చే శక్తి) చాలు. అంతకుమించినదానికి డబ్బు పోయకండి.

ఏ రకమైనా, పాతది కొంటుంటే ముందు గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్ నొక్కి చూడండి. లోపల ఉప్పు పేరుకుంటే నొక్కిన బటన్ వెనక్కి రాదు; గాలి ఆగకుండా నిండి మనిషి అదుపు తప్పి పైకి దూసుకొస్తాడు, ప్రాణాపాయం. తర్వాత గట్టిగా ఊది రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి మెత్తబడితే ఎంత చవకైనా వద్దు.